మండపం ఆపడానికి పోయి శాలువా కప్పించుకొచ్చిన వైనం

హిందూపురం బస్టాండులో ఉదయం ఆరూ నలభైకి పెనుకొండ బస్సెక్కాను. ఎందుకెక్కానో ముందే చెప్పేస్తాను. ముందురోజు సాయంత్రం పెనుకొండ నుంచి నరసమ్మక్క ఫోన్ చేసింది. ఆ ఊళ్లో కోటకొండ కింద, దారి పక్కన, నాలుగు రాతి కంబాల మీద ఒక చిన్న మండపం ఉంది. అందులో కూర్చుని ముప్పై ఏళ్లుగా ఆమె ఉడకబెట్టిన శెనిక్కాయలు అమ్ముతోంది. నేను పెనుకొండ హైస్కూల్లో సోషల్ చెప్పినన్నాళ్లూ ఏడాదికొకసారి పిల్లల్ని అక్కడికి తోలుకుపోయి, ఒక కంబం మీదున్న శాసనం చదివి వినిపించేవాణ్ణి. చదవడం అయ్యాక తలా ఒక దోసెడు నరసమ్మక్క శెనిక్కాయలు. అట్లా మా పరిచయం.

"ఐవారూ, ఎవురో వచ్చి కంబాలకు ఎర్రరంగుతో ఇంటూ మార్కులు కొట్టిపోయినారు. ఏమప్పా ఇది అంటే రేపు తీసేస్తాం అంటాండారు. నువ్వు రాకపోతే ఇంక ఎవురొస్తారు?" అంది ఫోన్లో.

మా ప్రాంతపు నాయకుడు వచ్చే నెల పెనుకొండలో మన వారసత్వాన్ని చాటే ఉత్సవాలు జరిపిస్తున్నాడని నాకు తెలుసు. వారసత్వాన్ని చాటాలంటే ముందు దాన్ని పడగొట్టాలన్న సంగతి మాత్రం అప్పుడే తెలిసింది. ఒళ్లు మండిపోయింది. ఒక అర్జీ రాసి, శాసనం ఫొటో ఒకటి జత చేశాను. నా శ్రీమతి అర్జీ చదివి, "బాగానే రాసినావు. నువ్వు పోయి పొడిచేదేముండాది గానీ, ఎండకు టోపీ పెట్టుకోనిపో" అంది.

ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక సలహా. పొద్దున బస్సయితే ఎడమవైపు కిటికీ పట్టుకోండి, ఎండ కుడివైపు పడుతుంది. నా పక్కన కూర్చున్నాయన పట్టుగూళ్ల రైతు. ముందురోజు హిందూపురం మార్కెట్లో గూళ్లు అమ్మి, కూతురింట్లో పడుకుని, ఖాళీ సంచులు మడిచి ఒళ్లో పెట్టుకుని ఊరికి పోతున్నాడు. బస్సు ఊరు దాటకముందే, "యాడికి పోతాండావు సార్?" అన్నాడు. పెనుకొండలో పాత మండపం ఒకటి పడగొడతారట, ఆపడానికి పోతున్నానని చెప్పాను.

"రాళ్లు యాడికి తోల్తారంట?" అని ఆశగా అడిగాడు.

నేను కిటికీ వైపు తిరిగేసరికి ఆయనే అందుకున్నాడు. "అట్ల కాదు సార్, మా ఊర్లో పాత గుడొకటి పడిపోతే ఆ రాళ్లతోనే గొర్రెలదొడ్డి కట్టుకుంటిమి. ఎంత గట్టిగుండాదంటావు! మా నాయన కాలం నుంచి ఒక్క రాయి కదల్లేదు."

 సోమందేపల్లి దాకా ఉడుక్కుంటూ కూర్చున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆ రాయి గట్టిదని ఈయనకైనా తెలుసు. కనీసం గొర్రెలైనా నీడన ఉన్నాయి. ఆయన దిగేటప్పుడు నేనే ముందు చెయ్యెత్తి నమస్కారం పెట్టాను.

ఏడూ యాభైకి పెనుకొండలో దిగాను. బస్టాండు ఎదురుగా హోటల్లో ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. బజ్జీలు వేడిగా ఉన్నాయి, టీ మాత్రం పాకం. పెనుకొండంటే విజయనగర రాజులు కాపురమున్న ఊరు. ఎటు తిరిగినా ఒక బురుజో, విరిగిన విగ్రహమో కనబడుతుంది. ఇప్పుడు వాటికి అడ్డంగా ఫ్లెక్సీలు కనబడుతున్నాయి. కోటగోడకు కట్టిన పెద్ద ఫ్లెక్సీలో మా నాయకుడు కిరీటం పెట్టుకుని, కత్తి దూసి, గుర్రమెక్కి ఉన్నాడు. గుర్రానికి మూడు కాళ్లే కనబడుతున్నాయి. నాలుగోది కిందున్న అనుచరుల ఫొటోలు మింగేశాయి. పైన "మన చరిత్ర మన ఊపిరి" అని రాసుంది. దాన్ని కట్టడానికి గోడలో నాలుగుచోట్ల కొత్తగా మేకులు దిగ్గొట్టారు.

నడుచుకుంటూ మండపం చేరేసరికి ఎనిమిదిన్నర. నాలుగు కంబాలకూ ఎర్ర ఇంటూ మార్కులు. నా క్లాసులో తప్పు జవాబులు రాసిన పిల్లాడి పరీక్ష పేపరు గుర్తొచ్చింది. నరసమ్మక్క గంప ముందు పెట్టుకుని ఎప్పటిలాగే కూర్చునుంది. డెబ్బై దాటిన మనిషి, చెయ్యి మాత్రం ఇప్పటికీ తూకం తప్పదు.

శాసనం గురించి ఒక మాట. ఇది రాజు వేయించింది కాదు. తమలపాకులు అమ్ముకునే ఒక మనిషి, దారినపోయేవాళ్లు కాసేపు కూర్చోవడానికి నీడ కావాలని ఈ మండపం కట్టించినట్టు అందులో ఉంది. ఆ మనిషి పేరు సగం అరిగిపోయింది. రాజుల కట్టడాలకు కంచె ఉంది, బోర్డు ఉంది, కాపలా ఉంది. తమలపాకులాయన మండపం ఏ పట్టికలోనూ లేదు. అందుకే ఇంటూ మార్కు దీని మీద పడింది.

కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు టేపు పట్టుకుని కొలతలు తీసుకుంటున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి, మర్యాదస్తుడు. నన్ను చూడగానే కుర్చీ తెప్పించాడు.

"ఈడ స్వాగత ద్వారం వస్తాది సార్. పాతకాలం మండపం మాదిరే డిజైను. కంబాలు, పైన సింహాలు, అంతా సిమెంటే. మీద రాతిరంగు కొడతాం. లైట్లేస్తే చూడాల సార్!"

"పాతకాలం మండపం ఈడ ఉండనే ఉంది గదప్పా?"

"ఉండాది సార్. అదే అడ్డముండాది" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే నా ప్రశ్న అతనికి అర్థం కాలేదు.

తొమ్మిదింటికి నాయకుడే స్వయంగా స్థలం చూడ్డానికి వస్తున్నాడని, ఆయన్నే అడగమని చెప్పాడు. మంచిదే అనుకున్నాను. తొమ్మిదైంది, పదైంది. నరసమ్మక్క శెనిక్కాయలు పెడుతూనే ఉంది, నేను ఒలుస్తూనే ఉన్నాను.

"ఆయప్ప ఓట్లప్పుడు వచ్చె ఐవారూ. ఎండకు తట్టుకోలేక ఈడనే కూర్చోనె. నా శెనిక్కాయలు తినె, అవ్వా శానా బాగుండాయి అనె. పొట్టు ఈడనే పారేసిపాయ. నేనే ఊడ్చుకుంటి."

పదకొండుకు సూపర్‌వైజరుకు ఫోనొచ్చింది. నాయకుడు ఇటు రాడు. నేరుగా ధర్మవరం వెళ్లిపోయాడు. ఉత్సవాలకొచ్చే అతిథులకు కప్పడానికి పట్టు శాలువాలు ఆయనే దగ్గరుండి ఎంపిక చేస్తున్నాడట. జేసీబీ మాత్రం మధ్యాహ్నానికి వచ్చేస్తుంది.

"ఆయనతో ఒక్క మాట చెప్పించండి సార్, నిలిపేస్తా. నాకేమన్నా ఈ రాళ్లమీద పగనా?" అన్నాడు సూపర్‌వైజరు.

ధర్మవరం ఎంత దూరం, రైలుకు గంట. లేచి నిలబడ్డాను. "అక్కా, నేనొచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనియ్యొద్దు. మాట తీసుకునే వస్తా" అన్నాను. ఆ క్షణంలో నా గొంతు నాకే గొప్పగా వినిపించింది.

"నువ్వు చెప్తే సాలు ఐవారూ. ఎవురొచ్చినా మా ఐవారు వచ్చేదాకా ఆగమంటా" అంది.

పెనుకొండ స్టేషన్లో పదకొండూ యాభై ప్యాసింజరు పన్నెండు దాటాక వచ్చింది. జనరల్ పెట్టెలో సీటు సులభంగానే దొరికింది. ప్రశాంతి నిలయం స్టేషన్లో తెల్లబట్టల భక్తులు చాలామంది దిగిపోయి పెట్టె ఇంకా ఖాళీ అయింది. ఎదురు సీట్లో ధర్మవరం నేతగాడొకాయన, మోకాళ్ల మీద చీరల మూట. మాటల్లో నా అర్జీకి పిన్ను కొట్టిన ఫొటో చూపించాను. చేతికి తీసుకుని, కంబం అంచున చెక్కిన తీగను వేలితో కొలిచినట్టు చూశాడు.

"ఈ తీగ మా బార్డర్లో ఉండాది సార్. మా నాయన కాలంలో ఆడాడ తిరిగి, చూసి, గీసుకోనొచ్చినారంట. ఇప్పుడంతా కంప్యూటర్లో ఉండాది. అసలు రాయి ఉన్నా లేకపోయినా డిజైను యాడికీ పోదు."

"అయితే రాయి పోయినా ఫర్వాలేదంటావా?" అన్నాను కాస్త కటువుగా.

ఆయన ఫొటోలో ఆకులు వేలితో లెక్కపెట్టాడు. "అట్ల ఎట్లంటా సార్. కంప్యూటర్లో తీగకు ఎనిమిది ఆకులే ఉండాయి. నీ ఫొటోలో తొమ్మిదుండాయి. మధ్యలో యాడనో ఒకటి ఎవుడో మింగేసినాడు. సరిచూసుకోవాలంటే రాయే గదా ఉండాల" అన్నాడు. ఆ రోజు మొత్తంలో నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

ధర్మవరంలో ఒంటిగంటన్నరకు దిగి ఆటో ఎక్కాను. నాయకుడు ఒక పట్టుచీరల వ్యాపారి ఇంటి మేడమీద ఉన్నాడని ఆటో అతనికే తెలుసు. మెట్ల కింద బల్ల వేసుకుని ఆయన పి.ఎ. కూర్చునున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గదా, ఈ పూజారి మాత్రం నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏం పని మీద వచ్చినారు పెద్దాయనా?"

"పెనుకొండ చరిత్ర గురించి మాట్లాడాలి."

"ఏం చేస్తాంటారు?"

"రిటైరైన సోషల్ టీచర్ని."

"ఓహో!" అని, మెట్ల దగ్గరున్న మనిషిని పిలిచి, "పెద్దాయన్ని కుడిపక్క లైన్లో పెట్టు" అన్నాడు. ఎడమపక్క లైను మెట్లు దిగి, గేటు దాటి, వీధిలో మలుపు దాకా ఉంది. అందరి చేతుల్లోనూ కాగితాలు. కుడిపక్క లైన్లో ఆరుగురే, అందరివీ ఇస్త్రీ చొక్కాలు. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. ఎడమది అర్జీల లైనని, కుడిది సన్మానాల లైనని, తెల్లజుట్టుతో వచ్చి చరిత్ర అన్నవాణ్ణి మా నాయకుడి దగ్గర సన్మానానికే పంపుతారని పైకెళ్లేదాకా తెలియలేదు.

తలుపు తీశారు. గదినిండా పరచిన పట్టు, మధ్యలో నాయకుడు. చరిత్ర మాస్టారని ఎవరో ఆయన చెవిలో చెప్పారు. ఆయన చేతులు చాచి ఎదురొచ్చాడు. నేను అర్జీ తియ్యబోయే లోపల భుజాలమీద బరువుగా, మెత్తగా శాలువా పడింది. పడగానే నా రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి. నేను చెప్పలేదు వాటికి. ఎన్ని పదవీ విరమణ సభలు చూశాను, ఎంతమందికి కప్పాను! శాలువా పడితే చేతులు కలవడం మన ఒంట్లో ఉంది. ఫొటో తీసేవాడు ఆ క్షణం కోసమే కాచుకునున్నాడు.

"అయ్యా, పెనుకొండలో మండపం..." అన్నాను.

"మండపమా! కడతాం మాస్టారూ! దానికన్నా పెద్దది కడతాం!" అన్నాడు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. అర్జీ చేతికిచ్చాను. అది అభినందన పత్రం అనుకున్నాడో ఏమో కళ్లకద్దుకుని వెనక్కిచ్చాడు. వెనకున్నవాడు దాన్ని పూలదండల కుప్పమీద పెట్టాడు. మొత్తం నిమిషం కూడా పట్టలేదు.

ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ నిమిషం నాకు బాగుండింది. ముప్పైరెండేళ్లు పాఠం చెప్పినా ఎవరూ పట్టు కప్పలేదు. సిగ్గులేని మనసు, సంతోషపడింది. అంతేకాదు, కిందకు దిగగానే పక్క హాల్లోకి తీసుకెళ్లి భోజనానికి ఆకేశారు. ఓళిగ మీద నెయ్యి ఒలకబోశారు. ఒకటి చాలన్నా వినకుండా రెండోది వేశారు. నేనూ రెండోది తిన్నాను. మండపం కంబం మొదటిది కూలినప్పుడు నేను తింటున్నది బహుశా ఆ రెండో ఓళిగే.

చెయ్యి కడుక్కున్నాక బుర్ర పనిచేసింది. మళ్లీ మెట్లదగ్గరికి పోయి, "నేనొచ్చింది వేరే పని" అన్నాను. పి.ఎ. నవ్వుతూ, "అయిపాయ గదా పెద్దాయనా" అన్నాడు. అయితే ఎడమపక్క నిలబడతానన్నాను. "ఆ లైను ఇయ్యాల్టికి మూసేసినాం" అన్నాడు. నరసమ్మక్కకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు.

మూడూ యాభై రైలుకు హిందూపురం దాకా టికెట్టు తీసుకున్నాను. తెచ్చుకుంటానన్న మాట దొరకలేదు. ఏ ముఖం పెట్టుకుని పెనుకొండలో దిగేది? రేపు పొద్దున చూద్దాం అనుకున్నాను. రైలు కదలగానే జేబులో ఫోను గుయ్‌గుయ్‌మనడం మొదలుపెట్టింది. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో నా ఫొటో. భుజాల మీద ఎర్రంచు శాలువా, జోడించిన చేతులు, నవ్వు ముఖం. కింద ఇట్లా రాసుంది: "స్వాగత ద్వారం నిర్మాణంపై సీనియర్ చరిత్ర ఉపాధ్యాయుని హర్షం. నాయకునికి కృతజ్ఞతలు." దానికింద నలభైదాకా పూలగుత్తులు, దండాలు. "మాకు గర్వంగా ఉంది సార్." ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఏ స్థలంలో కడుతున్నారు సార్ అని అడగలేదు. వాళ్లందరికీ పాఠం చెప్పింది నేనే. తల కొట్టేసినట్టయింది.

పక్క సీటాయన నా ఫోనులోకి తొంగిచూసి, "మీరేనా సార్? శానా సంతోషం!" అని చెయ్యి కలిపాడు. నేనూ కలిపాను. ఇంకేం చేస్తాను?

శాలువా మడిచి సంచిలో అడుక్కు తోశాను. రైలు ఆగిన ప్రతిచోటా, పెనుకొండలో దిగనా, వద్దా అని నాలో నేనే వాదించుకున్నాను. దిగకపోవడానికి చక్కటి కారణాలు చాలా దొరికాయి. బీపీ మాత్ర వేసుకోవాలి. ఇంటిదగ్గర శ్రీమతి ఎదురుచూస్తుంటుంది. ఇప్పటికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. ఐదు దాటి పదినిమిషాలకు పెనుకొండ వచ్చింది. కారణాలన్నీ సీట్లోనే వదిలేసి దిగాను.

ఆటోలోంచి మలుపు తిరగ్గానే తెలిసిపోయింది. ఎప్పుడూ మండపం కప్పు వెనక సగమే కనబడే కొండ మొత్తం కనబడింది. కప్పురాళ్లు ముక్కలై కుప్పగా ఉన్నాయి. మూడు కంబాలను పగలగొట్టి ట్రాక్టరుకెత్తారు. కొత్త ద్వారం పునాదిలోకి కంకరట. నాలుగో కంబం నేలమీద పొడుగ్గా పడుంది. దాని మీద నరసమ్మక్క కూర్చునుంది. పక్కన గంప. నాలుగడుగుల దూరంలో జేసీబీ ఇంజను ఆపుకుని నిలబడుంది. దాని డ్రైవరు ఆమె శెనిక్కాయలే తింటున్నాడు.

"రెండు గంటలయింది సార్, లేయదు" అన్నాడు సూపర్‌వైజరు. "మీరన్నా చెప్పండి. మీరు ఒప్పుకున్నారని ఫొటో కూడా చూపించినా."

నరసమ్మక్క నావైపు చూడలేదు. గంపలో కాయలు సర్దుకుంటూ, "చూపించినాడు. శాలువా బాగుండాది ఐవారూ. నీకు ఒప్పింది" అంది.

 నా నోటికి వచ్చిందల్లా నిజం. "అక్కా, నేను ఒప్పుకోలేదు. శాలువా కప్పితే దండం పెట్టినా. అన్నం పెడితే తిన్నా. మాట మాత్రం తేలేకపోయినా. తప్పయిపోయింది" అన్నాను. 

ఆమె కాయల మీద తడిగుడ్డ కప్పింది. తర్వాత, "మూడు కంబాలు పొయ్యేదాకా నీకోసరం చూస్తి. ఐవారు వస్తాడు, ఆగండప్పా, ఆగండప్పా అని వాళ్ల కాళ్లావేళ్లా పడితి. ఈ ఫొటో చూపించినాక అడుక్కోవడం మానేసి కూర్చుంటి. నువ్వు పిల్లకాయలకు చదివేది ఈ కంబమే గదా? నాకు అచ్చరాలు రావు, తావు గుర్తుంది. అందుకే దీనిమింద కూర్చున్యా" అంది.

వంగి చూశాను. ఆమె చీరె కుచ్చిళ్ల పక్కన ఆ సగం అరిగిన పేరు. అదే కంబం.

"నడుము పట్టుకపోయింది ఐవారూ. పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగల్యా. లేస్తే వీళ్లెత్తుకోనిపోతారు" అని, అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూసింది. పక్కకు జరిగి చోటిచ్చింది. నేను కూర్చున్నాను. ఆమె నా భుజం పట్టుకుని లేచి, కుంటుకుంటూ కొళాయి వైపు పోయింది.

"సార్, మీరేంది సార్!" అన్నాడు సూపర్‌వైజరు బిత్తరపోయి. "ఫొటోలో చూస్తే..."

"ఫొటోలో నిలబడి ఉన్నానప్పా. ఇప్పుడు కూర్చున్నాను" అన్నాను.

అతను ఎవరెవరికో ఫోన్లు చేశాడు. రిటైరైన మాస్టరును జేసీబీతో ఎత్తడానికి ఎవరూ మాట ఇవ్వలేదు. ఆరింటికి డ్రైవరు బండి వదిలేసి ఇంటికి పోయాడు. నా శ్రీమతికి ఫోన్ చేసి, రావడం ఆలస్యమవుతుందని చెప్పాను. ఎంత ఆలస్యమని అడిగింది. నాకూ తెలియదన్నాను. ఇది రాస్తున్నది అది జరిగిన నాలుగోరోజు. పొద్దునా సాయంత్రమూ నేను, మధ్యలో ఆమె. పొద్దుగూకాక పని ఆపుతారు, మేమూ ఇళ్లకు పోతాం. తెల్లవారి మొదటి బస్సు దిగగానే మాత్రం కంబం ఉందో లేదోనని రోజూ మలుపు దాకా గబగబా నడుస్తాను.

మీలో ఎవరైనా ఇటు వస్తే, హిందూపురం నుంచి గంట ప్రయాణం. ధర్మవరం నుంచైనా అంతే. మండపం ఎక్కడని అడక్కండి, లేదు. శెనిక్కాయల నరసమ్మ ఎక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు. చరిత్ర తెలియకపోయినా ఫర్వాలేదు, శాసనం చదవడం రాకపోయినా ఫర్వాలేదు. మా ఇద్దరికీ నడుము నొప్పి. ఒక గంట కూర్చోవడానికి మనిషి కావాలి.